సవరణలు లేవు

మైకు ముందు ఒక్కొక్కరికి మూడు నిమిషాలు.
గడియారం చూడటం, రాసుకోవడం నా పని.
ఇరవై ఆరేళ్లుగా ఈ ఊరి కౌన్సిల్‌కి గుమాస్తాని,
ఇల్మా కాంగస్‌ని.
మురుగు గొట్టాల తగువులూ, కుక్కల లైసెన్సులూ
అన్నీ ఈ వేళ్ల మీదుగానే పోయాయి.

ఆ అక్టోబరు రాత్రి హాలు చాల్లేదు.
హాకీ మైదానంలో దూరందూరంగా కుర్చీలు వేశాం.
పైన చెక్కలు, కింద మంచు. అరికాళ్లు జివ్వుమంటున్నాయి.
మాస్కుల్లోంచి పేర్లు సగమే బయటికొస్తున్నాయి.
"మళ్లీ చెప్పండి" అని ఎన్నిసార్లు అడిగానో.

మంగలి లూడ్విక్ పెర్కో అన్నాడు:
"నా కుర్చీలో కూర్చున్నవాడి మొహం
ఎంతవరకు కనబడాలో చెప్పేది నేనా, మీరా?"
చప్పట్లు.
రాజ్యాంగం చదవబోయిన ఒకావిడ
కళ్లద్దాలకి ఆవిరిపట్టి మధ్యలోనే ఆగిపోయింది.
నర్సు వెర్నా హౌటలా రెండు నిమిషాలు పేర్లే చదివింది.
చనిపోయినవాళ్లవి కావు,
ఇక రాత్రి డ్యూటీకి రామని వెళ్లిపోయినవాళ్లవి.

పదిహేడో నంబరు తోయివో రాంటలా.
మా వీధుల్లో మంచు తోసే బండి అతనిదే.
మాస్కు ముక్కు మీదికి సరిగ్గా పెట్టుకుని వచ్చాడు.
చేతిలో కాగితం ఉంది, మడత విప్పలేదు.
సభ్యుల్ని చూశాడు, తర్వాత నన్ను.
మూడు నిమిషాలయ్యాక గంట కొట్టాను.
తలూపి వెళ్లి కూర్చున్నాడు.
"శ్రీ రాంటలా మాట్లాడలేదు" అని రాశాను.

నాలుగుకి మూడు.
నగర ఉద్యోగులందరికీ డిసెంబరు ఒకటికల్లా టీకా.
ఆ తీర్మానం టైపు చేసింది నేనే.
తప్పనుకోలేదు. ఇప్పటికీ అనుకోను.
సెప్టెంబరులో మా ఆర్నె
దులూత్ ఆస్పత్రిలో అద్దానికి అవతల పోయాడు.
నర్సు అతని చెవి దగ్గర ఫోను పట్టుకుంటే
మా అమ్మమ్మల ఫిన్నిష్‌లో ఏదో అన్నాను.
ఏమన్నానో అది మాత్రం రాసుకోలేదు.

తోయివో ఉత్తరమూ నేనే టైపు చేశాను.
"ఇరవై రెండేళ్ల మీ సేవలకు కృతజ్ఞతలు"
నమూనాలో లేని వాక్యం. చేర్చాను.
మేనేజరు కొట్టేశాడు.
మళ్లీ చేర్చాను.

తాళాలివ్వడానికి వచ్చాడు.
గుత్తిలో ఏడు, ఒకదానికి ఎర్ర దారం.
"ఇది ఉప్పు గోదాముది. కాస్త పైకెత్తి తిప్పాలి."
అంతే.
టీకా ఎందుకొద్దని నేను అడగలేదు.
ఆర్నె గురించి అతనూ అడగలేదు.

డిసెంబరు తొమ్మిదిన పద్నాలుగు అంగుళాల మంచు.
కాంట్రాక్టు బండి పొద్దెక్కాక వచ్చింది.
డ్రైవరు పక్క ఊరివాడు, టీకా కార్డున్నవాడు, కుర్రాడు.
మలుపులో నా తపాలా పెట్టెని కూలదోసుకుంటూ పోయాడు.
మంచులో తవ్వి తీశాను.
లోపల, సగం తడిసి,
ఆర్నె పేరు మీద ఆస్పత్రి బిల్లు.

ఇన్ని శీతాకాలాలుగా నిద్రలో విన్నాను:
గరగర, ఒక్క క్షణం ఏమీ లేదు, మళ్లీ గరగర.
ఆ ఏమీ లేనిది
నా పెట్టె దగ్గర అతను బ్లేడు పైకెత్తడమని
పార పట్టుకుని నిలబడ్డప్పుడు గానీ తెలియలేదు.

రెండుసార్లు వాయిదాపడి, ఆ గురువారం
అక్టోబరు మినిట్స్ ఆమోదానికొచ్చాయి.
"సవరణలేమైనా ఉన్నాయా?" అని మేయరు అడిగింది.
గుమాస్తాకి ఓటు లేదు.
"మాట్లాడలేదు" అన్న చోట వేలు పెట్టుకుని
కాసేపు కూర్చున్నాను.
ఎవరో దగ్గారు. అందరూ అటు తిరిగారు.
లేవు, అని రాసుకున్నాను.