కాగితంలో లేని చెయ్యి

నల్లపాడు దాటాక, పాత పొగాకు గోడౌన్ల వెనక
మా గుర్రాల మైదానం.
పొద్దున ఆరుంపావుకి వకుళమ్మ స్కూటీ ఆపి
ఒక హెల్మెట్ తీసి ఇంకో హెల్మెట్ పెట్టుకుంది.
ఐదో నెల. చొక్కా కింది గుండీ పెట్టుకోలేదు.

ఆఫీసు గదిలో కాగితం సిద్ధంగా ఉంది.
ఓనరు పైకి చదివాడు:
"జరగరానిది జరిగితే క్లబ్బుకి సంబంధం లేదు."
డాక్టరమ్మ చీటీలో ఒక్కటే ముక్క: "వద్దని చెప్పాను."
వద్దని కాదు,
వద్దని చెప్పానని.
మొగుడు ఫోన్లో "నీ ఇష్టం" అన్నాడట.
ఆ మాటకి ఎన్ని అర్థాలో ఆమెకే తెలియాలి.
ఆమె సంతకం పెట్టింది. అక్షరం వంకర పోలేదు.

ఇన్ని చేతులు కడిగాక
నీళ్లన్నీ పల్లం చూసుకుని నా కాళ్ల దగ్గరికే వచ్చాయి.
తాడు పట్టుకునేవాడికి ఆ కాగితంలో గడి లేదు.
పడితే మాత్రం ముందు అడిగేది నన్నే:
"ఏరా సైదులూ, చూసుకోవద్దూ?"

కాఫీ మంచిదే. డికాక్షన్ రంగు, ఆరేళ్ల ఆడగుర్రం.
కాకపోతే గోనెపట్టా ఎగిరితే దానికి దెయ్యం కనపడుద్ది.
అందుకే చీకటుండగానే వచ్చి
కంచె పొడుగునా పట్టాలూ కవర్లూ ఏరేశాను.
ఆ పనీ ఏ కాగితంలోనూ లేదు.

"మెల్లగా నడిపించనా అమ్మా?"
"నడకే సైదులూ, పరుగొద్దు.
పదేళ్లప్పుడు ఎక్కా, రెండుసార్లు పడ్డా.
పడటం ఎట్టా ఉంటదో వాళ్లకంటే నాకే తెలుసు."

నాకు మస్తాన్‌బీ గుర్తొచ్చింది.
మిర్చి యార్డులో తొమ్మిదో నెల దాకా తొడిమలు తీసింది.
దగ్గొచ్చినప్పుడల్లా
పొట్టని రెండు చేతుల్తో అదిమి పట్టుకునేది.
ఏ గుమాస్తా ఆమె ముందు కాగితం పెట్టలేదు.
ఏ డాక్టరూ వద్దనలేదు.
నేనూ అనలేదు.
అప్పుడు నా చేతిలో తాడు లేదనుకున్నా.

మూడో చుట్టులో అంది: "తాడు తీసెయ్."
తీశాను.
కొక్కెం చప్పుడికి కాఫీ ఒక చెవి వెనక్కి తిప్పింది.
ఆమె వీపు నిటారుగా. ఎడం చెయ్యి కళ్లెం మీద,
కుడి చెయ్యి ఒక్క క్షణం
గుండీ లేని చోటికి.

నేను పక్కనే నడిచాను, అడుగు దూరంలో,
ఖాళీ తాడు మణికట్టుకి చుట్టుకుని.