డబ్బాలో చీటీలు

పుస్తకాలు తీయలేదు యాదిరా.
సంచీలోంచి ఒక జాబితా తీసి బల్ల మీద పరిచింది.
బల్ల చాల్లేదు.
చివరి మూర నా మోకాళ్ల మీద పడింది.

ఆరు సబ్జెక్టులు,
నాలుగు వేల మాటల వ్యాసం,
మనకు తెలిసింది మనకెలా తెలుసో తేల్చమనే ఇంకో పేపరు,
పక్కవీధి ముసలివాళ్లకు ఉత్తరాలు చదివి పెట్టిన గంటల లెక్క,
ఆ గంటల్లో ఏం నేర్చుకున్నావో చెప్పమని మరో లెక్క.
పదిహేడేళ్ల నెత్తి మీద రెండేళ్ల మోపు.

ఎక్కణ్నించి మొదలెడదాం అంది.
ఎప్పుడు పడుకున్నావు అన్నాను.
వేళ్లు మడిచి లెక్క పెట్టింది.
ఇవాళ గణితం కాదని అప్పుడే అర్థమైంది.

పగలు నేను క్వెంకా బస్టాండులో టికెట్లు కోస్తాను.
మంగళ, గురువారాల సాయంత్రాలు
డోన్ ఎఫ్రెయిన్ చెప్పుల కొట్టు వెనక గదిలో పాఠం.
జిగురు వాసన. రేకుల మీద వాన.
ఆండీస్ వానకి వాయిదాలు తెలీవు.
మాట వినపడనప్పుడు కాగితం మీద రాసి చూపిస్తాను,
చెప్పడం కంటే అదే నయమని చాలాసార్లు అనిపించింది.

కత్తెర తెచ్చి జాబితాను కోసేశాను.
జడ కోసినట్టు కేక పెట్టింది.
ముప్పై ఒక్క ముక్కలు.
ఖాళీ చేపల డబ్బాలో వేసి, ఊపి,
ఒకటి తీయమన్నాను. ఒకటే.
"మరి మిగతావి?"
డబ్బాలోనే ఉంటాయి. వాటికి కాళ్లు లేవు.

వ్యాసం చీటీ వచ్చిన రోజు
మొదటి వాక్యం పద్నాలుగుసార్లు కొట్టేసింది.
సిగ్సిగ్‌లో గడ్డి టోపీలు అల్లే ఆడవాళ్ల కూలి గురించి ఆ వ్యాసం.
మీ అవ్వ టోపీ ఎక్కడ మొదలెడుతుంది?
"నడినెత్తిన."
మరి అంచు?
"అంచు ఆఖర్న. తడిపి, బిగించి, కొసలు కత్తిరించి..."
మాట సగంలో తెగింది.
పెన్ను లాక్కుని మూడో పేజీ నుంచి రాయడం మొదలెట్టింది.
నేను ఇరవై నిమిషాలు నోరు మూసుకున్నాను.
ఈ పనిలో కష్టమంతా అక్కడే.

అన్ని రోజులూ ఇట్లా లేవు.
రసాయనం దగ్గర పెన్ను విసిరింది, గోడకి సిరా ఇంకా ఉంది.
నాకూ రాదన్నాను, నిజం.
ఎదురుగా మందుల షాపుకి నడిచాం.
సెన్యోరా పెసాంతెస్ దగ్గు మందుకీ జ్వరం బిళ్లకీ నడుమ
ఆమ్లం గుట్టు విప్పి చెప్పింది,
చిల్లర లెక్క పెడుతూనే.
ఒక వారం అసలు రాలేదు. ఎందుకని నేనడగలేదు.
తిరిగొచ్చినప్పుడు డబ్బా తన వైపు జరిపాను, అంతే.

ఉడికిన మొక్కజొన్న గింజలు తింటూ ఒక రాత్రి
"అప్పట్లో మీకెంతొచ్చింది?" అంది.
ఇరవై మూడు.
ఇరవై నాలుగొస్తే డిప్లొమా. ఆ సంగతి ఆమెకి నాకన్నా బాగా తెలుసు.
ముందు గదిలో సుత్తి ఆగింది.
డోన్ ఎఫ్రెయిన్‌కి కూడా చెప్పలేదు మరి.

అయ్యో అనలేదు పిల్ల.
"ఏ ప్రశ్న?" అంది.

తొమ్మిదేళ్లలో ఒక్కరూ అడగని మాట.
ఆరో ప్రశ్న, బి భాగం అన్నాను,
చిన్నప్పటి ఇంటి నంబరు చెప్పినట్టు.
తల ఊపి, గింజలు ముగించి,
ఆఖరి బస్సుకి పరిగెత్తింది.

సర్దుతుంటే డబ్బా బరువుగా ఏమీ లేదు.
మూడే చీటీలు మిగిలాయి.
రెండు నా కత్తెర కోసినవి.
మూడోది చేత్తో చింపిన ముక్క, తన దస్తూరి.

ఆరో ప్రశ్న, బి భాగం.
వచ్చే మంగళవారం.
ఇది మీకు.