ఎనిమిదో గూడు

సోహార్‌ల మా క్యాంపు, పద్నాలుగో నంబరు రూము.
ఎనిమిది మంచాలు, ఒక ఏసీ,
స్క్రాపు బజార్ల పన్నెండు రియాల్లకు కొన్న లాప్‌టాపు.
విండోస్ తీసేసి లినక్స్ ఎక్కించిన.
పైసలు అడగది. తన కడుపుల ఏమున్నదో దాచుకోది.
దాచుకునే పని మనది.

పెద్ద ధనమేం కాదు.
నేను టైమ్‌కీపర్‌ని. కంపెనీ కాయితంల ఎనిమిది గంటలు రాస్త,
రాత్రి రూముకొచ్చి పదకొండున్నర రాస్త.
ఎవరు, ఏ పైపు మీద, ఏ తారీఖు ఎండల.
మూడేండ్ల గంటలు.

హోమ్ ఒక్కటే కప్పుదామంటే
బయట స్వాప్ ఉన్నది,
పట్టని యాదిని మిషను పారబోసే కుండీ.
అండ్ల గెలికితే దొరుకుతయి సగం నమిలిన పేర్లు.
ఒక్క ఫోల్డరే కప్పితే
పేర్లు గజిబిజైతయి గని లెక్క కనబడుతది,
ఎన్ని ఫైళ్లు, ఎంత బరువు, ఏ రాత్రి ముట్టుకున్ననో.
ముసుగేసుకున్నోన్ని నడకల పట్టుకున్నట్టు.
ఆఖరికి డిస్కు మొత్తం కప్పిన.
చూసేటోనికి ఉత్త ఇసుక.

పాత రకం లక్స్.
(గున్నయ్య సబ్బనుకున్నడు.)
దాని తలకట్టుల ఎనిమిది గూళ్లు,
మాటలు ఎనిమిది, లోపలి తాళంచెవి ఒక్కటే.
తలకట్టు చెరిగితే ఏ మాటా పనికిరాదు,
అందుకే దాని నకలు పెన్‌డ్రైవ్‌ల,
పెన్‌డ్రైవ్ గఫూర్ చాయ్‌పత్తి డబ్బాల.

మంచానికొక గూడు అన్న.
ఒక్కొక్కలే వచ్చి కూసున్నరు. మిగిలినోళ్లం గోడ దిక్కు తిరిగినం.
లింబాద్రి ఒక్క వేలుతోని కొడుతడు, పెదవులు ఆడుతయి.
గున్నయ్యది టెక్కలి అవతల. ఆయన మాట మాకే తెల్వది,
పదాల మూట మోసుకొచ్చే దొంగకేం తెలుస్తది.
పోశెట్టికి ఏబీసీడీలు రావు.
సిరిసిల్ల మగ్గం మీది పోగుల వరుస యాది చేసుకొని
మీట మీద మీట నొక్కిండు. ఒక్కసారి తప్పలే.

మూత మూస్తే సాలనుకుంటరు.
నిద్రపోతది గని మాట మరువది,
పూరాగ ఆర్పాలె. రోజూ చెప్పుడే.

ఎనిమిదోది ఓదెలు గూడు.
పరంజ మీదికెళ్లి పడ్డంక వీసా క్యాన్సిల్ చేసి పంపిన్రు.
మంచంల కొత్త పిలగాడు, నిర్మల్ దిక్కోడు, దినేశ్.
పోయినోని గూడు తుడవాలె. అదే పద్ధతి.
కమాండ్ కొట్టిన.
ఒకని గూడు తుడవాలంటే
ఉన్నోళ్లల్ల ఒకని మాట అడుగుతది మిషను.
నా మాట నాకొచ్చు.
కర్సర్ కొట్టుకుంటున్నది.

"ఓదెలు గంటల పైసలు ఇచ్చిన్రా?" అన్నడు పోశెట్టి.
ఇయ్యలే.
"మరి ఆయనది ఉండనియ్యి. పిలగానికి నా వరుస నేర్పుత."

మంచం ఇనుప పట్టీ మీద
రెండు చేతులు, ఒకటి ముందు, ఒకటి వెనుక,
తెల్లార్లు టకటక.
ఐదింటికి బస్సు హారన్ కొట్టేదాక
పిలగానికి మూడో పోగు తప్పుతనే ఉన్నది.