ఒక పేజీ ముందు

మంగళవారం తొమ్మిదింటికి
ఆస్టోరియా కొండ మీద, నూట పన్నెండు మెట్లెక్కి
వాన కోటు విదిలించి తలుపు తడతాను.
ఫిన్లే వెంటనే తీయడు.
ఉత్తరాల కంతలోంచి "ఒక లెక్క చెప్పు" అంటాడు.
"ఏడూ ఎనిమిదీ కలిపితే?"
కాసేపు వేళ్ళ చప్పుడు.
"పదహారు," అని గడియ తీస్తాడు.
తప్పే. కానీ బయట వాన.

నేను టీచర్ని కాను.
ముప్పై ఒక్కేళ్ళు ఫెర్రీ రేవులో టికెట్లు చించాను.
వాడి అమ్మ మేరిస్‌కి చేపల ఫ్యాక్టరీలో పగటి షిఫ్టు.
వాడికి బడి పడలేదు. గదిలో ఇరవై ఆరుగురు,
వీడి దగ్గర ఉన్నది ఒక్క మాట, అదీ గొంతు దాటదు.
అందుకని ఈ వంటింటి బల్ల,
రెండు కుర్చీలు, నేను.

ముందు లెక్కలు. గుండీల డబ్బా బోర్లిస్తాం.
పదేసి గుండీలు దారానికి గుచ్చి దండలు కడతాం.
"మూడులోంచి ఐదు పోదు కదా,
పక్కింటి నుంచి ఒక దండ అప్పు తెచ్చుకో."
తెచ్చుకుంటాడు. దారం తెంపుతాడు.
"మళ్ళీ ఎప్పుడిచ్చేస్తాం?"
అన్నేళ్ళు చిల్లర లెక్కపెట్టినదాన్ని
నాకెప్పుడూ తట్టలేదు.

తరవాత చదువు.
ఇంగ్లీషులో కత్తికి ముందు
పలకని అక్షరం ఒకటి నిలబడి ఉంటుంది.
"పలకనప్పుడు ఎందుకొచ్చింది?"
"ఎవరో రమ్మని ఉంటారు."
"బడిలో నాలాగా," అంటాడు,
దాని చుట్టూ పెన్సిల్‌తో చిన్న ఇల్లు గీస్తాడు.

సైన్సంటే జాడీలో పచ్చటి స్లగ్.
బల్ల మీద వదిలి, గడియారం చూసి, స్కేలు పెట్టి కొలిచాం:
పావుగంటకి పధ్నాలుగు అంగుళాలు.
అది గీసిన జిగురు గీత పక్కన
ఫిన్లే రాసుకున్నాడు: తొందరేం లేదు.

చివర స్పానిష్. అది నాకూ రాదు.
రాత్రి నేర్చింది పొద్దున చెబుతాను,
వాడికంటే ఒక పేజీ ముందుంటాను, అంతే.
కంచె అవతల డాన్ రెఫూహియో
గులాబీలు కత్తిరిస్తూ నా నాలుక సరిచేస్తాడు.
మేసా, బల్ల. వెంతానా, కిటికీ. సపాతో, బూటు.
ప్రతి మాటా నోరు తెరుచుకునే ముగుస్తుంది,
గేటు వేయడం మరిచిపోయి వెళ్ళినట్టు.

పంతొమ్మిదో పేజీలో పెర్రో వచ్చింది.
కుక్క.
వాడి పెన్సిల్ ఆగింది.
అక్టోబర్‌లో గేటు తీసి ఉంచింది వాడే.
పికిల్ వెళ్ళిపోయింది.
ఇంట్లో ఆ పేరు ఎవరూ ఎత్తరు,
గిన్నె మాత్రం సింకు కింద అలాగే ఉంది.
"నేనే పోగొట్టాను," అన్నాడు ఇంగ్లీషులో,
పుస్తకం మూసేశాడు.

ఆ రాత్రి కంచె దగ్గర నిలబడి అడిగాను:
కుక్కని పోగొట్టుకున్నానని మీరెలా అంటారు?
రెఫూహియో కత్తెర జేబులో పెట్టుకున్నాడు.
"రెండు రకాలుగా అనొచ్చు.
మొదటి రకం మా అమ్మ పిల్లల చేత అననిచ్చేది కాదు."
రెండోది చెప్పాడు. చీటీ మీద రాసుకున్నాను.

సే మే పెర్దియో ఎల్ పెర్రో.
కుక్క తనంతట తాను తప్పిపోయింది.
నాకు తప్పిపోయింది.
నేనున్నాను అందులో, ఒక మూల,
దెబ్బ తగిలినవాడిగా, కొట్టినవాడిగా కాదు.
తప్పిపోవడంలో తప్పెవరిదో
ఆ వాక్యం అడగదు.

మర్నాటి పాఠం అదొక్కటే.
మొదటిసారి గొణిగాడు.
రెండోసారి పెర్రోలో ర
పళ్ళ వెనక నిజంగానే గుర్రుమంది.
మూడోసారి కిటికీ వైపు తిరిగి
కింద నది, నదిలో లంగరేసిన ఓడలు
అన్నీ వినేంత గట్టిగా.
ఆ తరవాత రొట్టె తిన్నాం. లెక్కలు చేయలేదు.

వెళ్ళేటప్పుడు గేటు మూయబోయాను.
మెట్ల మీంచి కేకేశాడు,
"అబియెర్తా!"

ఆ మాట నాకు తెలియదు.
ఇంకా ఆ పేజీకి రాలేదు నేను.
వాన పడుతుంటే గేటు పట్టుకుని నిలబడ్డాను,
వాడు రెండు చేతులూ బార్లా చాపి చూపిస్తున్నాడు,
అలాగే ఉంచమని.