ఇవాళ ఎలా ఉంది

ఫిబ్రవరిలో తడి గోనెలో వచ్చింది, ఒట్టి వేళ్ళతో.
హెరెఫర్డ్ బంకమట్టిని మోకాలి లోతు తవ్వి
గుర్రపు లద్దె కలిపి నాటాడు ఆంబ్రోస్ ప్రాసర్.
అప్పటికే జ్వరమొకటి
అతని ముక్కుని పట్టుకుపోయింది.
ఉల్లిపాయా ఒకటే, ఉతికిన చొక్కా ఒకటే.
అయినా వాసనున్న గులాబీయే కావాలన్నాడు.

మూడో జూన్‌కి పొద గేటును సగం మింగి
ఫాక్స్‌గ్లోవ్‌లను మోచేతులతో నెట్టి
విరగబూసింది.

ఉత్తరాలు తెచ్చే టామ్సిన్‌ని
రోజూ అక్కడే ఆపుతాడు:
"ఇవాళ ఎలా ఉంది?"

"కాస్త టీ పొడి. లవంగం."
"నిన్నటి కంటే తేనె తక్కువ."

వాన వెలిసిన పూట
చాలాసేపు పువ్వులో ముఖం దాచుకుని
"చెప్పడం రావట్లేదు" అంది.

కత్తెర తీసి ఆ కొమ్మే కోసిచ్చాడు.
ముల్లు గుచ్చుకున్న వేలిని
అలవాటుగా
ముక్కు దగ్గరకి తీసుకెళ్ళాడు.