చన్నీళ్లు

రాయికల్ బస్టాండు ఎనుక నా ఇస్త్రీ బండి.
ఇయ్యాల సర్పంచి ఓట్లు. పొద్దుగాల్నే బొగ్గులు రాజేసిన,
తెల్ల అంగీలు కుప్పలు పడ్డయి.

కొక్కెర తిరుమలేశు ఫోను తెచ్చి నా ముఖం ముందట పెట్టిండు:
ఏదో దేశం, రాత్రి, ఆకుపచ్చ చీకట్ల పడుతున్న బాంబులు.
"గట్లనే గావాలె మామా. ఆళ్లకు ఓటంటే తెల్వది.
ఎవడో ఒకడు పోయి నేర్పియ్యాలె గదా."

పెట్టె ఎత్తి పక్కకు పెట్టిన,
అంగీ కాలుతదని.

నేర్పనీకి పోయినోళ్ల బట్టలు ఉతికిన నేను,
పద్దెనిమిది నెలలు.
కువైట్ల క్లీనింగు పని అని ఏజెంటు డెబ్బై వేలు గుంజిండు;
తెల్లారి లేచి చూస్తే సరిహద్దు దాటినం.
బోర్డుల మీది రాతలు అవే గని
గోడలనిండ తూటాల పొక్కలు.

సంచికో నంబరు. సంచిల ఓ పిల్లగాని చెమట.
ఉతికే ముందట జేబులు ఎతకాలె, తాత చెప్పిన మొదటి పాఠం.
గడీ బట్టల్ల ఆయనకు వక్కపలుకులు దొరికేటియట.
నాకు చూయింగ్ గం, ఓ కుక్క ఫోటో,
అమ్మకు రాసి పంపని ఉత్తరం,
అరబ్బీల అచ్చేసిన కాయితం: డబ్బా, డబ్బల పడుతున్న చీటీ,
పైన పావురం.
అవే కాయితాలు ఆకాశం నుంచి గుడ చల్లిండ్రు.
విత్తనాలు అనుకున్నరు చల్లినోళ్లు.
దున్నింది ట్యాంకులు.

సాదూన్ అని, నీళ్ల బండి తోలేటోడు.
ఓట్ల నాడు మధ్యాహ్నం వచ్చి ఏలు చూపెట్టిండు.
ఊదా రంగు, గోరు దాకా.
ముసలి నాయినను కుర్చీల మోస్కపోయిన ముచ్చట
ఏడు సార్లు చెప్పిండు.
చీకటి పడేటాల్లకు మళ్లొచ్చిండు. నవ్వు లేదు.
"నువ్వు మరకలు తీసేటోనివి. ఇది తీయి.
తొవ్వల ఆపుతున్నరు. ఏళ్లు చూస్తున్నరు."

నిమ్మకాయ, సోడా, బ్లీచింగు. బట్టల బ్రష్షు.
తోలు లేసింది. కింద ఎర్రగ.
ఊదా మాత్రం గోరు మొదట్ల కూసున్నది
కదలకుంట.
నా అంగీ చింపి పేలిక సుట్టిన.

తెల్లారి గుడ నీళ్ల బండి వచ్చింది.
తోలేటోడు వేరే.

ఓటు చెడ్డదంటలేను తిరుమలేశూ.
ఆ ఏలు మీద ఆ రంగు ఎంత ముద్దుగుండె, సగం పూట.
తెచ్చినోళ్లు దాన్ని తుపాకి నీడల పెట్టిండ్రు.
అత్త మీది కోపం దుత్త మీద పడ్డది.

మా నాయినమ్మ చెప్పేది: దొర ఉరికిపోయిన ఏడు
లారీలల్ల మిలట్రీ వచ్చింది, విడిపిచ్చినమన్నది.
ఊరు ఊరంతా సంబురం.
కొన్నాళ్లకు అదే మిలట్రీ
అడివిల దాగినోళ్లు ఏరని
తాతను చాకిరేవు బండకు కట్టేసింది.
దొర మళ్లొచ్చిండు, ఖద్దరేసుకోని.
ఆ ఖద్దరు గుడ తాతనే ఉతికిండు.

ఓటు మాత్రం ఏ లారీల దిగలే.
పెట్టెకాడికి పోయే తొవ్వల గుమాస్తా అడ్డం నిలబడితే
నాయినమ్మ మూటల గాడిదను ముందటికి అదిలిచ్చిందట.
అటెనుక ఏమైందో ఎన్నడూ పూర్తిగ చెప్పలే,
నవ్వుతోనే ఆగిపోయేది.

"అయితే ఊకె చూస్కుంట కూసుందమా?" అన్నడు.
నాకు జవాబు రాదు. ఉతికేటోన్ని.
సాదూన్ అడిగిన ఆ ఒక్క పని గుడ నాతోని కాలే.

సంచిలకెళ్లి ఇంకో అంగీ తీసిండు తిరుమలేశు.
రాత్రి దావత్ల యాట కోసినప్పుడు చిందిందట.
మనది గుడ ముత్యమేం గాదు.
"ఉడుకునీళ్లల్ల ఏసి గుంజు మామా, జల్ది."

ఉడుకునీళ్లు పోస్తే నెత్తురు నూలుపోగులకు ఎక్కుతది,
ఇంక ఎన్నేండ్లు ఉతికినా పోదు.
చన్నీళ్లు గావాలె. నానాలె. దానంతట అదే ఇడువాలె.

బకీటు తీస్కోని నల్లా కాడికి పోయిన.
నీళ్ల కింద నా ఎడమచేతి ఏలు,
పొద్దుగాల పెట్టిన సిరా.
పేలిక సుట్టకుంటనే
పొద్దుమీకి నడుసుకుంట ఇంటికి పోత.