కొండ గుర్తు

హుద్‌హుద్ వచ్చిన రాత్రి
దాన్ని దుప్పట్లో చుట్టి అటక మీదికి ఎక్కించాను.
వంటింటి రేకు ఎగిరి పక్కవీధిలో పడింది,
కంప్యూటర్ మీద చుక్క నీరు పడలేదు.
అలా కాపాడినదాన్ని
మొన్న ఆదివారం, ఫ్యాన్ కింద కూర్చుని,
టీ చల్లారేలోగా
నా వేలితో నేనే తుడిచేశాను.

నెమ్మదించిందని. అంతే కారణం.
అంతా చెరిపెయ్యాలా అని అది అడిగింది,
రెండోసారి కూడా అడిగింది, పాపం.
అవునన్నాను, అవునవునన్నాను.
పెన్‌డ్రైవ్‌లో అన్నీ ఉన్నాయి కదా అని ధీమా.
అందులో ఉన్నది ఒక్క షార్ట్‌కట్:
తలుపు బొమ్మ. ఇల్లు లేదు.

ఫిషింగ్ హార్బర్ ఐస్ ఫ్యాక్టరీలో
దిమ్మల లెక్క రాసేవాణ్ని. పండితుణ్ని కాను.
పదకొండేళ్లు, డ్యూటీ దిగాక,
జెట్టీ మీద వలలు కుట్టేవాళ్ల పక్కన కూర్చుని
మాటలు పోగేశాను. గాలుల పేర్లు, నీటి రంగుల పేర్లు,
తాడుకి వేసే ముళ్ల పేర్లు,
గులివిందకీ కానాగంతకీ మధ్య
నేనెన్నడూ తినని చేపల పేర్లు.
ఎక్కువ చెప్పినవాడు గరికిన ఎల్లాజీ.
నిరుడు పోయాడు.

ద్వారకానగర్‌లో, కోచింగ్ సెంటర్ మెట్ల వెనక,
జులేఖ అనే అమ్మాయి షాపు.
డిస్కుని చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూసింది,
కొబ్బరికాయ కొనేవాళ్లలా.
"తుడిచాక దీని మీద ఏమైనా ఎక్కించారా?"
రెండు సినిమాలు ఎక్కించానని చెప్పడానికి
సిగ్గేసింది.
"వాటి కింద పడ్డది ఇక రాదు సార్.
మిగతాది ఉంటుంది.
చెరిగేది సరుకు కాదు, చిరునామా."

తొమ్మిది రోజులు.
సాయంత్రం కాగానే వెళ్లి
ఆసుపత్రి వరండాలోలా ఆ మెట్ల మీద కూర్చునేవాణ్ని.
పచ్చటి గీత పాకుతూ పాకుతూ
అరవై ఒక్క శాతం దగ్గర ఒక పూటంతా ఆగింది.
ఆమె డబ్బాలోంచి నాకో చెక్కిడం పెట్టింది.

వచ్చాయి. రెండువేల పైచిలుకు.
ఒక్కదానికీ పేరు లేదు, అన్నిటికీ అంకెలే.
ఫోటోల్లో సగం సముద్రం, సగం బూడిద రంగు.
నా నిఘంటువు రాలేదు.
అక్షరక్రమంలో పేర్చి, తప్పులు దిద్ది,
అర్థాలు రాసుకున్న నాలుగువందల పేజీలు
ఏ హీరో ఫైటు కిందో నలిగిపోయాయి.

వచ్చినవేవంటే
ఎప్పుడో పనికిరావని నేను పారేసినవి.
కత్తిరించక ముందటి రికార్డింగులు.
ఎల్లాజీ దగ్గు. బీడీ ముట్టించే చప్పుడు.
"ఆగు, ఆగు, మళ్లీ చెప్పు" అంటూ నా గొంతు,
అంత దురుసుగా ఉండేదని తెలియదు.
వాళ్లావిడ పైడమ్మ ఎవరినో తిట్టడం,
ఐస్ దిమ్మ నేలకేసి కొట్టిన మోత.

1147లో ఆయన నవ్వుతున్నాడు.
నడిసముద్రంలో తెగిపోయిన వల
మళ్లీ ఎలా దొరుకుతుందని అడిగినట్టున్నాను.

"ఒల పోనాదంటే సంద్రం తినీసినాదని కాదు బాబూ.
అక్కడే ఉంటాది. మన గురుతే పోనాది.
లైటౌసు ఎనకాల యారాడ కొండ రావాల,
ఇటేపు సింవాచలం కొండ.
రెండు సూపులూ కలిసిన కాడ లంగరెయ్యి.
మబ్బేసిందా, కూకో. కొండ యాడికి పోద్ది?"

ఈ ముక్క అప్పట్లో కత్తిరించేశాను,
కొత్త పదం ఒక్కటీ లేదని.

ఇప్పుడు రాత్రుళ్లు ఒక్కొక్కటే విని పేరు పెడుతున్నాను.
ఎల్లాజీ, దగ్గు, వాన.
పైడమ్మ, బాకీ గొడవ.
మూడు చోట్ల దాస్తున్నాను; ఒకటి జులేఖ దగ్గర.
దాచినందుకు ఏమీ వద్దంది,
బిల్లు మాత్రం రూపాయి తగ్గించలేదు.

ఒక్క మాట దొరకలేదు.
మాఘమాసం తెల్లవారుజామున
కొండవైపు నుంచి దిగి
పడవని చెయ్యి వేయకుండా నీళ్లలోకి నెట్టే గాలికి
ఆయనొక పేరు చెప్పాడు.
రెండక్షరాలో, మూడో.
జెట్టీ మీద అడిగాను. కుర్రాళ్లు ఫోన్‌లో చూసి
గంటకి పన్నెండు కిలోమీటర్లు అన్నారు.

నాలుగున్నరకి కిటికీ రెక్క కొట్టుకుంది.
అదే వచ్చింది.
లేచి తలుపు తీశాను,
ఏమని పిలవాలో తెలియక.